ఎర్ర పొటాష్ పుట్టిల్లు పెర్మ్ సీమ

కాకినాడ, విశాఖపట్నం రేవులలో ఎరువుల ఓడ ఆగి, దాని గర్భంలోనుంచి ఇటుకపొడి రంగు ఉప్పు దిగుతుంటే అది మ్యురేట్ ఆఫ్ పొటాష్ అని హమాలీలకు వేరే చెప్పనవసరం లేదు. వర్తకులు దీనిని ఎం.ఓ.పి. అంటారు. రైతులకు ఇది ఎర్ర పొటాష్. మన దేశంలో 2024 నాటికి కూడా పొటాష్ గని ఒక్కటీ వాణిజ్య స్థాయిలో నడవలేదు. మ్యురేట్ ఆఫ్ పొటాష్ అంతా ఓడల మీద రావలసిందే. పంపగల దేశాలు కూడా కొద్ది. కెనడా, రష్యా, బెలారుస్ దేశాలు మూడూ కలిసి ప్రపంచ ఉత్పత్తిలో సుమారు మూడింట రెండు వంతులు తీస్తున్నాయి. ఈ మూడింటిలో రష్యా వాటా చాలావరకు ఒకే ఒక పరిపాలనా ప్రాంతం నుంచి వస్తున్నది. ఆ ప్రాంతం పేరు పెర్మ్.

అక్కడ ఒక గనిలోకి నీరు చొరబడినా, అక్కడి కంపెనీకి పొరుగు దేశపు కంపెనీతో పొత్తు చెడినా, ఆ సంగతి కొద్ది నెలలలోనే రావులపాలెం అరటి రైతు కొనే బస్తా ధరను తాకుతుంది. ఇది ఊహ కాదు. 2006 తరువాత ఒకసారి, 2013 తరువాత మరొకసారి జరిగింది. అందుచేత పెర్మ్ సీమ ఎటువంటిది, అక్కడి జనం ఎవరు, వారి బ్రతుకుదెరువు ఏమిటి అన్న విషయాలు ఎరువుల వర్తకులకు, వ్యవసాయదారులకు తెలుసుకోదగినవి.

ఉరల్స్ పడమటి వాలున

రష్యాలో కొన్ని పెద్ద పరిపాలనా విభాగాలను క్రాయ్ అంటారు. పూర్వం సరిహద్దు సీమలకు పెట్టిన పేరు అది. పెర్మ్ క్రాయ్ ఉరల్స్ పర్వతాల పడమటి వాలున, ఐరోపా ఖండపు తూర్పు అంచున వున్నది. విస్తీర్ణం 1 లక్షా 60 వేల చదరపు కిలోమీటర్లు. అంటే 2014 విభజన తరువాత మిగిలిన ఆంధ్రప్రదేశ్‌తో ఇంచుమించు సమానం. అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ భూభాగంలో సుమారు 5 కోట్ల మంది వుండగా, 2021 రష్యా జనాభా లెక్కల ప్రకారం పెర్మ్ క్రాయ్‌లో వున్నది 25 లక్షల చిల్లర మాత్రమే. వీరిలో 10 లక్షల పైచిలుకు ముఖ్యపట్టణమైన పెర్మ్ నగరంలోనే నివసిస్తున్నారు.

భూభాగంలో అధిక భాగం అడవి. దేవదారు జాతి చెట్లు, భూర్జ వృక్షాలు మైళ్ల కొద్దీ వ్యాపించి వుంటాయి. తూర్పుకు పోయినకొద్దీ నేల మెట్టగా మారి ఉరల్స్ కొండలలో కలుస్తుంది. సీమకంతటికీ జీవనాడి కామా నది. ఇది ఓల్గా నదికి ఉపనదులలో పెద్దది. పెర్మ్ నగరానికి ఎగువన కామా జలవిద్యుత్ కేంద్రం, దిగువన చైకోవ్‌స్కీ పట్టణం దగ్గర వోత్కిన్‌స్క్ జలవిద్యుత్ కేంద్రం వున్నాయి. సోవియట్ కాలంలో కట్టిన ఈ ఆనకట్టల వెనుక నది సముద్రం మాదిరిగా వెడల్పయింది.

చలికాలం పొడుగు. జనవరిలో సగటు ఉష్ణోగ్రత సున్నాకు 13, 14 డిగ్రీల దిగువన వుంటుంది. నవంబరులో గడ్డకట్టే నది ఏప్రిల్ దాకా విడవదు. సరుకు ఏడాది పొడుగునా కదలాలంటే రైలే గతి. మాస్కో నుంచి సైబీరియాకు పోయే ప్రధాన రైలుమార్గం పెర్మ్ నగరం మీదుగానే పోతుంది. గడియారం విషయంలో మాత్రం మనకూ వారికీ దూరం తక్కువే. పెర్మ్ కాలమానం మన కాలమానానికి అరగంట వెనుక.

భూగర్భ శాస్త్రజ్ఞులకు ఈ పేరు సుపరిచితం. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రోడరిక్ మర్చిసన్ 1841లో ఈ ప్రాంతంలో పర్యటించి, ఇక్కడి రాతిపొరల ఆధారంగా ఒక భూయుగానికి పెర్మియన్ అని పేరు పెట్టారు. మన సింగరేణి బొగ్గు కూడా ఆ యుగంలో ఏర్పడినదే. గోదావరి లోయలో చెట్లు పూడిపోయి బొగ్గు అయిన ఆ యుగంలోనే ఉరల్స్ పక్కన ఒక లోతులేని సముద్రం ఎండిపోయింది. నీరు ఆవిరవుతున్నకొద్దీ ముందు మామూలు ఉప్పు, చివరకు పొటాష్ లవణాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. సుమారు 27 కోట్ల సంవత్సరాల నాటి ఆ ఎండిన సముద్రమే ఈనాటి గనులకు మూలధనం.

జనం, భాషలు

జనాభాలో అత్యధికులు రష్యన్లు. తరువాత తాతార్లు, కోమి-పెర్మ్యాకులు, బష్కీర్లు, ఉద్ముర్తులు వున్నారు. రష్యన్లు రాకముందు నుంచీ ఉత్తర భాగంలో వున్నవారు కోమి-పెర్మ్యాకులు. వీరి భాష రష్యన్‌కు సంబంధించినది కాదు. ఫిన్నిష్, హంగేరియన్ భాషల కుటుంబానికి చెందినది. 2010 లెక్కలలో ఈ సీమలో వీరు 81 వేల మంది వున్నారు. వీరి ముఖ్య పట్టణం కుదిమ్‌కార్. అడవి కొట్టడం, కలప, కొద్దిపాటి వ్యవసాయం తప్ప అక్కడ పెద్ద పరిశ్రమలు లేవు.

కోమి-పెర్మ్యాకుల ప్రాంతం మొదట ప్రత్యేక స్వయంపాలిత జిల్లాగా వుండేది. 2003 డిసెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 2005 డిసెంబరు 1న దానిని పెర్మ్ ప్రాంతంతో కలిపి పెర్మ్ క్రాయ్‌ని ఏర్పరచారు. ఆ దశకంలో రష్యాలో జరిగిన ఇటువంటి విలీనాలలో ఇదే మొదటిది.

పెర్మ్ నగరం 1723లో రాగి కరిగించే కర్మాగారం చుట్టూ వెలిసింది. 1940 నుంచి 1957 వరకు సోవియట్ నాయకుడు మోలొతోవ్ పేరుతో వ్యవహరించారు. ఫిరంగులు, విమానం ఇంజన్లు తయారయ్యే పట్టణం కావడం వల్ల సోవియట్ కాలంలో విదేశీయులకు ప్రవేశం లేదు. యుద్ధకాలంలో లెనిన్‌గ్రాడ్ నుంచి ప్రసిద్ధ కిరోవ్ నాట్యశాల ఇక్కడికి తరలి వచ్చింది. నాటి నుంచి బాలే నాట్యానికి పెర్మ్ పేరు పొందింది.

ఉప్పు మోసిన చెవులు

పెర్మ్ వారిని ఇతర రష్యన్లు వేళాకోళంగా 'ఉప్పు చెవుల పెర్మ్యాకులు' అంటారు. పూర్వం ఉప్పు బస్తాలు భుజాన వేసుకుని కామా నది పడవలకు ఎక్కించే కూలీలకు ఉప్పు రాసుకుని చెవులు ఎర్రబారి వాచేవట. ఆ పేరును ఇప్పుడు అక్కడి వారు అవమానంగా భావించడం లేదు. పెర్మ్ నగరం నడిబొడ్డున 2006లో ఆ చెవులకు కంచు శిల్పం కూడా నిలిపారు.

ఈ ఉప్పు కథ ఆరు శతాబ్దాల నాటిది. సోలికామ్‌స్క్ పట్టణం 1430లో వెలిసిందని చెబుతారు. 'కామా ఒడ్డు ఉప్పు' అని దాని పేరుకు అర్థం. నేలలోకి కొయ్య గొట్టాలు దింపి ఉప్పునీరు పైకి లాగి, పెద్ద ఇనుప పెనాలలో కాచి ఉప్పు తీసేవారు. కట్టెలకు అడవి, రవాణాకు నది చేతిలోనే వున్నాయి. 1558లో జారు చక్రవర్తి నాలుగో ఇవాన్ కామా తీరపు భూములను స్త్రోగనోవ్ అనే వర్తక కుటుంబానికి ధారాదత్తం చేశారు. ఆ కుటుంబం ఉప్పు వ్యాపారంతో రష్యాలోకెల్లా సంపన్నమైనది. 1580 దశకంలో యెర్మాక్ నాయకత్వాన సైబీరియా మీదకు నడిచిన దండుకు ఖర్చు పెట్టినది కూడా ఈ ఉప్పు సొమ్మే.

పదునెనిమిదవ శతాబ్దంలో దిగువ ఓల్గా ప్రాంతపు ఉప్పు సరస్సుల నుంచి చౌక ఉప్పు రావడంతో పెర్మ్ ఉప్పుకు గిరాకీ సన్నగిల్లింది. అయినా వృత్తి పూర్తిగా ఆగలేదు. సోలికామ్‌స్క్ దగ్గర పాత పద్ధతిన ఉప్పు కాచే ఒక కర్మాగారం 1972 దాకా నడిచింది. తరువాత దానిని మ్యూజియంగా మార్చారు.

1925లో మలుపు

సోలికామ్‌స్క్ బావుల ఉప్పునీటిలో పొటాషియం వున్నదన్న అనుమానం ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలోనే కలిగింది. 1925లో భూగర్భ శాస్త్రజ్ఞుడు పావెల్ ప్రియోబ్రజెన్‌స్కీ ఆధ్వర్యంలో అక్కడ బోరు వేయగా పొటాష్ పొర తగిలింది. అంతవరకు పొటాష్ వ్యాపారంలో జర్మనీదే పైచేయి. రష్యాకు సొంత పొటాష్ దొరకడంతో సోవియట్ ప్రభుత్వం గని పనులు త్వరపెట్టింది. సోలికామ్‌స్క్ మొదటి గని 1934లో ఉత్పత్తికి వచ్చింది. దక్షిణాన కామా ఎడమ ఒడ్డున బెరెజ్నికి అనే పట్టణాన్ని 1932లో ఏర్పరచారు.

పొటాష్ కోసం వేసిన బోర్లలో మరొక అదృష్టం కూడా కలిసి వచ్చింది. 1929లో చుసొవాయా నది దగ్గర పొటాష్ కోసం తవ్వుతుండగా పెట్రోలియం పడింది. ఓల్గా-ఉరల్స్ చమురు క్షేత్రానికి అదే నాంది.

ఈ అభివృద్ధి వెనుక చేదు నిజం కూడా వున్నది. 1929 నుంచి బెరెజ్నికి రసాయన కర్మాగారం నిర్మాణంలో విషేరా నిర్బంధ శిబిరపు ఖైదీల చేత వెట్టి పని చేయించారు. తరువాత కాలంలో ప్రసిద్ధ రచయిత అయిన వర్లామ్ షలామొవ్ ఆ ఖైదీలలో ఒకరు.

గని నుంచి బస్తా దాకా

పొటాష్ పొరలు నేలమట్టానికి సుమారు 200 నుంచి 400 మీటర్ల లోతున వున్నాయి. ఖనిజాన్ని సిల్వినైట్ అంటారు. ఇది పొటాషియం క్లోరైడు, మామూలు ఉప్పు కలగలిసిన రాయి. ఇందులో పొటాషియం క్లోరైడు పాలు నాలుగో వంతుకు కొంచెం అటూ ఇటూ వుంటుంది. మిగిలినది చాలావరకు ఉప్పు, కొంత మట్టి. పెద్ద యంత్రాలు రాతిని గీరుతూ పొడుగాటి గదులు తొలుస్తాయి. పైకప్పు కూలకుండా గదికీ గదికీ మధ్య ఉప్పు స్తంభాలను వదిలి పెడతారు. ఈ స్తంభాల సంగతి తరువాత ముఖ్యమవుతుంది.

పైకి తెచ్చిన ఖనిజాన్ని రెండు విధాలుగా శుద్ధి చేస్తారు. మొదటి పద్ధతిలో ఖనిజాన్ని పొడి చేసి, ఉప్పు ఇక కరగనంత చిక్కని ఉప్పునీటిలో వేసి, ఒక మందు కలిపి గాలి ఊదుతారు. పొటాష్ రేణువులు బుడగలకు అంటుకుని నురుగుతో పైకి తేలుతాయి. ఇనుప తుప్పు వంటి పదార్థం అంటివుండటం వల్ల ఈ సరుకు ఎర్రగా వుంటుంది. రెండవ పద్ధతిలో ఖనిజాన్ని వేడినీటిలో కరిగించి చల్లారుస్తారు. వేడి తగ్గేకొద్దీ పొటాష్ గట్టిపడి విడివడుతుంది. మామూలు ఉప్పు నీటిలోనే మిగులుతుంది. ఈ సరుకు తెల్లగా వుంటుంది. ఎరువుగా చూస్తే రెండింటికీ బలం ఒకటే. ఎరుపైనా తెలుపైనా నూటికి 60 పాళ్లు పొటాష్ వుంటుంది. 50 కిలోల బస్తాలో 30 కిలోలు పొటాష్ అన్నమాట. రంగును చూసి సరుకు మంచిచెడ్డలు నిర్ణయించడం సరికాదు.

వేరుపడిన ఉప్పులో అధిక భాగం గనుల పక్కనే గుట్టలుగా పోస్తారు. బెరెజ్నికి, సోలికామ్‌స్క్ పట్టణాల అంచున ఈ ఉప్పు గుట్టలు కొండల మాదిరిగా కనిపిస్తాయి. తయారైన పొటాష్‌ను రైలు వాగన్లలో సుమారు 2,000 కిలోమీటర్ల దూరాన బాల్టిక్ తీరంలో వున్న సెయింట్ పీటర్స్‌బర్గ్ రేవుకు చేరుస్తారు. అక్కడి నుంచి ఓడ ఐరోపా చుట్టివచ్చి, సూయజ్ కాలువ దాటి బంగాళాఖాతంలోకి రావాలి. 2023 చివర ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైన తరువాత పలు ఓడలు ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి రావలసి వచ్చింది. ఆ మేరకు కిరాయి, రోజులు రెండూ పెరిగాయి.

కుంగుతున్న పట్టణం

పొటాష్ గనికి నీరు బద్ధశత్రువు. బొగ్గు గనిలోకి నీరు వస్తే తోడి పోయవచ్చు. ఉప్పు గనిలోకి మంచినీరు చొరబడితే ఆ నీరు పైకప్పును మోస్తున్న స్తంభాలనే కరిగించుకుంటూ పోతుంది. ఒకసారి దారి పడిన తరువాత దానిని ఆపడం దాదాపు అసాధ్యం. గని మునుగుతుంది, కొంతకాలానికి పైన నేల కుంగుతుంది.

బెరెజ్నికి పట్టణంలో కొంత భాగం గనుల మీదనే కట్టబడింది. మొదటి హెచ్చరిక 1986లో వచ్చింది. ఆ ఏడాది మూడవ గని మునిగి, జూలైలో అడవిలో పెద్ద గొయ్యి పడింది. అది జనావాసానికి ఎడంగా వుండటం వల్ల పట్టణానికి ముప్పు తప్పింది. 2006 అక్టోబరులో మునిగిన మొదటి గని మాత్రం పట్టణం కిందనే వున్నది. 2007 జూలైలో కర్మాగారం ఆవరణ దగ్గర నేల నోరు తెరిచింది. ఆ గొయ్యి ఏటేటా విస్తరించి వందల మీటర్ల వెడల్పు అయింది. 2010 నవంబరులో రైల్వే స్టేషను ఆవరణలో మరొక గొయ్యి పడింది. పొటాష్ వాగన్లు నడిచే దారి అదే కావడం వల్ల కొత్తగా చుట్టుదారి రైలుమార్గం వేయవలసి వచ్చింది.

2014 నవంబరు 18న సోలికామ్‌స్క్ రెండవ గనిలోకి ఉప్పునీరు చొరబడింది. అదే సమయంలో తోటల మధ్య వేసవి ఇళ్లు వున్న చోట గొయ్యి బయటపడింది. 2018 డిసెంబరు 22న సోలికామ్‌స్క్‌లో నిర్మాణంలో వున్న గని భాగంలో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిది మంది కార్మికులు మరణించారు.

గోడలు బీటలు వారిన ఇళ్ల నుంచి వేలాది మందిని ఖాళీ చేయించి, నదికి అవతలి ఒడ్డున ఉసోల్యే వైపు కొత్త ఇళ్లు కట్టించారు. ఖాళీ గదులను వ్యర్థపు ఉప్పుతో తిరిగి పూడ్చే పని సాగించారు. నేల ఏ మేరకు దిగుతున్నదో పరికరాలతోనూ ఉపగ్రహాలతోనూ కొలిచే ఏర్పాటు చేశారు. అయినా జనం వలస ఆగలేదు. 1989లో 2 లక్షలు దాటిన బెరెజ్నికి జనాభా 2021 నాటికి 1 లక్షా 40 వేల లోపునకు తగ్గింది. ఈ పట్టణవాసుల సంకటం ఇదే. ఇంటి కింద నేలను తొలిచే గనే ఇంటికి కూడు పెడుతున్నది. గని మూస్తే బ్రతుకుదెరువు లేదు. తవ్వితే నేల నమ్మకం లేదు.

పొత్తు చెడిన నాడు

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత బెరెజ్నికి గనులు ఉరల్‌కలి కంపెనీ కిందికి, సోలికామ్‌స్క్ గనులు సిల్వినిట్ కంపెనీ కిందికి వచ్చాయి. 2011లో ఇవి రెండూ ఉరల్‌కలి పేరుతో ఒకటయ్యాయి. 2018లో యూరోకెమ్ అనే మరొక కంపెనీ ఉసోల్యే దగ్గర కొత్త గని ప్రారంభించింది.

2005లో ఉరల్‌కలి, బెలారుస్ ప్రభుత్వ సంస్థ బెలారుస్‌కలి కలిసి ఉమ్మడి అమ్మకాల సంస్థను ఏర్పరచాయి. కెనడా గనుల తరఫున కాన్‌పొటెక్స్ అనే మరొక ఉమ్మడి సంస్థ వున్నది. ఈ రెండు సంస్థలే ప్రపంచ ఎగుమతులలో పెద్ద భాగాన్ని చేతిలో పెట్టుకున్నాయి. వీరి పద్ధతి ధరను నిలబెట్టి, గిరాకీ తగ్గితే ఉత్పత్తిని తగ్గించుకోవడం. కొనేవారిలో పెద్దలైన చైనా, ఇండియా ఏటా ఒక ధరకు ఒప్పందం కుదుర్చుకుంటే, తక్కిన దేశాలకు అదే కొలబద్ద.

2006లో బెరెజ్నికి గని మునగడంతో సరఫరా తగ్గింది. తిండిగింజల ధరలు పెరిగి ఎరువుల గిరాకీ కూడా హెచ్చింది. ఫలితంగా 2008లో ఇండియా ఒప్పందపు ధర టన్నుకు 625 డాలర్లకు ఎగబాకింది. మరుసటి సంవత్సరం 460కి దిగింది. 2013 ఆరంభంలో 427 డాలర్లకు ఒప్పందం కుదిరింది.

2013 జూలై 30న ఉరల్‌కలి బెలారుస్‌తో పొత్తు తెంచుకున్నట్లు ప్రకటించింది. ఇకపై ధర కోసం కాక అమ్మకాల పరిమాణం కోసం పోటీ పడతామని, ధర 300 డాలర్ల లోపునకు పడిపోవచ్చునని చెప్పింది. ఆ ఒక్క ప్రకటనతో ప్రపంచమంతటా పొటాష్ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. ఆగస్టు 26న చర్చలకని మిన్‌స్క్ వెళ్లిన ఉరల్‌కలి ముఖ్య కార్యనిర్వహణాధికారి వ్లాదిస్లావ్ బౌమ్‌గెర్ట్‌నర్‌ను బెలారుస్ పోలీసులు అరెస్టు చేశారు. నవంబరులో ఆయనను రష్యాకు అప్పగించారు. ఆ ఏడాది చివరకు కంపెనీలో పెద్ద వాటాదారు సులేమాన్ కెరీమొవ్ తన వాటా అమ్మి వైదొలిగారు. పొత్తు మాత్రం తిరిగి కుదరలేదు. 2014లో ఇండియా ఒప్పందపు ధర 322 డాలర్లు. 2016లో 227 డాలర్లు. గనుల యజమానుల తగవు మన దిగుమతిదారులకు కలిసివచ్చింది.

2022లో పరిస్థితి తారుమారయింది. పాశ్చాత్య దేశాల ఆంక్షల నేపథ్యంలో ఆ ఫిబ్రవరి నుంచి లిథువేనియా తన రైళ్ల మీద బెలారుస్ పొటాష్‌ను రానివ్వలేదు. అదే నెలలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయింది. ఎరువులకు ఆంక్షల నుంచి చాలావరకు మినహాయింపు వున్నా, ఓడలు, బీమా, చెల్లింపులు చిక్కులో పడ్డాయి. ఇండియా ఒప్పందపు ధర టన్నుకు 590 డాలర్లు పలికింది. రష్యా, బెలారుస్ సరుకు క్రమంగా కొత్త దారులు వెతుక్కోవడంతో 2023లో 422 డాలర్లకు, 2024లో 279 డాలర్లకు దిగివచ్చింది.

పొటాష్ ఒక్కటే కాదు

పెర్మ్ సీమ ఆదాయం గనుల మీదనే ఆధారపడి లేదు. దక్షిణ భాగంలో చమురు బావులు, పెర్మ్ నగరం దగ్గర పెద్ద చమురు శుద్ధి కర్మాగారం వున్నాయి. 1934లో ప్రారంభమైన విమాన ఇంజన్ల కర్మాగారం నుంచి వచ్చిన పి.ఎస్.-90, పి.డి.-14 ఇంజన్లు రష్యా విమానాలకు అమరుస్తున్నారు. గుబాఖాలో మిథనాల్, క్రాస్నోకామ్‌స్క్‌లో నోట్ల కాగితం తయారవుతాయి. పొటాష్ పొరల మీదనే దొరికే కార్నలైట్ అనే లవణం నుంచి సోలికామ్‌స్క్‌లో మెగ్నీషియం తీస్తారు. బెరెజ్నికిలో టైటానియం కర్మాగారం వున్నది.

ఒకే సరుకును నమ్ముకుంటే ఏమవుతుందో ఆ సీమలోనే మరొక ఉదాహరణ వున్నది. తూర్పున కీజెల్ బొగ్గు గనులు ఒకప్పుడు ఉరల్స్ ఫ్యాక్టరీలకు ఇంధనం ఇచ్చాయి. 1990 దశకంలో అవి గిట్టుబాటు కాక మూతపడ్డాయి. పట్టణాలు బోసిపోయాయి. వదిలివేసిన గనుల నుంచి ఆమ్లపు నీరు నదులలో కలుస్తూ వచ్చింది.

మన రైతు లెక్క

పొటాష్ పైరు కాండాన్ని గట్టిపరుస్తుంది, గింజను నింపుతుంది, తెగుళ్లకు తట్టుకునే శక్తి ఇస్తుంది. వరి పడిపోకుండా నిలబడటానికి, అరటి గెల బరువు తూగడానికి, కొబ్బరి, చెరకు, పసుపు, మిరప దిగుబడికి ఇది అవసరం. నల్లరేగడిలో సహజంగా పొటాష్ ఎక్కువ. ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలల్లో తక్కువ. పొగాకుకు మాత్రం మ్యురేట్ పనికిరాదు. అందులోని క్లోరిన్ వల్ల ఆకు సరిగా కాలదు. అందుచేత పొగాకు రైతులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడుతున్నారు. విశాఖ, కాకినాడలలోని కాంప్లెక్స్ ఎరువుల ఫ్యాక్టరీలు కూడా మ్యురేట్‌ను ముడిసరుకుగా కొంటున్నాయి.

2010 ఏప్రిల్ 1 వరకు మన ప్రభుత్వం పొటాష్ చిల్లర ధరను టన్నుకు 4,455 రూపాయలుగా కట్టడి చేసింది. అంటే బస్తా 223 రూపాయలు. ఆనాటి నుంచి పోషకాల ఆధారిత సబ్సిడీ పద్ధతి వచ్చింది. కిలో పోషకానికి ఇంత అని సబ్సిడీ నిర్ణయించి, అమ్మకపు ధరను కంపెనీలకు వదిలారు. ప్రపంచ ధర, డాలరు రేటు రెండూ పెరగడంతో 2012-13లో బస్తా 800 రూపాయలు దాటింది. యూరియా ధర మాత్రం ప్రభుత్వ కట్టడిలోనే వుండిపోయింది. 2009-10లో 46 లక్షల టన్నులుగా వున్న దేశపు పొటాష్ వాడకం 2012-13కు 22 లక్షల టన్నులకు పడిపోయింది. 2022లో పొటాష్ బస్తా సుమారు 1,700 రూపాయలు పలుకుతుండగా, 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరికింది. ఆ ఏడాది పొటాష్ అమ్మకాలు 16 లక్షల టన్నుల దగ్గర ఆగాయి. చౌకగా దొరికే యూరియా ఎక్కువ వేసి, పొటాష్ మానుకోవడం వల్ల పైరు పచ్చగా కనిపించినా నేల సత్తువ తగ్గుతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తూ వచ్చారు.

ధరలు దిగినప్పుడు ఆ లాభం అంతా రైతుకు చేరదని కూడా గమనించాలి. 2022 ఖరీఫ్‌లో కిలో పొటాష్‌కు 25 రూపాయల 31 పైసలుగా వున్న సబ్సిడీని 2023-24 రబీకి 2 రూపాయల 38 పైసలకు తగ్గించారు. బస్తా లెక్కన చూస్తే 759 రూపాయల నుంచి 71 రూపాయలకు తగ్గినట్లు. ప్రపంచ మార్కెట్‌లో దిగిన మేర చాలావరకు సబ్సిడీ కోతలో సర్దుబాటయింది.

రాజస్థాన్‌లో నాగౌర్, గంగానగర్ ప్రాంతాలలో పొటాష్ నిక్షేపాలు వున్నట్లు చాలాకాలంగా తెలుసు. అవి లోతున వుండటం వల్ల తవ్వకం సులభం కాదు. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసే పొటాష్‌కు 2021లో సబ్సిడీ పరిధిలో చోటు దొరికింది. అయితే దానిలో పొటాష్ పాలు మ్యురేట్‌లో వున్నదానికి నాలుగో వంతు మాత్రమే. ఇవి దిగుమతికి కొంత ఊతం కాగలవు గాని, ప్రత్యామ్నాయం కాలేవు.

కాబట్టి ఎరువుల వర్తకులు ఒప్పందపు ధర, ఓడ కిరాయి, డాలరు రేటు, సబ్సిడీ అనే నాలుగింటిని ఎప్పటిలా గమనిస్తూనే, ఐదవదిగా పెర్మ్ గనుల క్షేమాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొత్త పొటాష్ గని తవ్వి ఉత్పత్తికి తేవడానికి ఏళ్లు పడుతుంది. నడుస్తున్న గని మునగడానికి కొద్ది రోజులు చాలు. 2006 అక్టోబరులో బెరెజ్నికిలో మొదటి గనిని వదులుకోవడానికి రెండు వారాలు కూడా పట్టలేదు.